రెండో పూత

రాయపూర్‌లో నేను అద్దెకుంటున్న ఇంటి ఎదురు వాటాలో గత ఆదివారం తలుపులకు పాలిష్ పెట్టారు. పనివాడు గుడ్డ ఉండను స్పిరిట్‌లో కరిగించిన లక్కలో ముంచి చెక్క మీద గుండ్రంగా తిప్పుతున్నాడు. ఆ వాసనలో రెండు భాగాలుంటాయి. మొదటిది ముక్కును కోసే స్పిరిట్. అది ఎగిరిపోయాక మిగిలేది లక్క, తియ్యగా, కొంచెం మాడినట్టుగా, ఎండిన బెరడును గుర్తుచేస్తూ. మొదటిది దారిన పోయేవాళ్లందరికీ తెలుస్తుంది. రెండోదాని కోసం కాసేపు ఆగాలి. కూరగాయల సంచీతో నేను మెట్ల మీదే ఆగిపోయాను. దారి కావాలా అని పనివాడు అడిగాడు. అక్కర్లేదన్నాను. ఆ వాసనను నాకు పరిచయం చేసిన మనిషి గురించి రాయాలని అక్కడే అనుకున్నాను. ఆయన పేరు వీరేశం. భోపాలపట్నం వర్తకుల ఇంట్లో పుట్టి, జగదల్‌పూర్‌లో ఒక చిన్న కార్ఖానా నడిపారు. అక్కడ అందరికీ ఆయన సేఠ్. నాకూ సేఠ్ గారే.

నేను పెరిగింది బచేలి గనుల టౌన్‌షిప్‌లో. ఇంట్లో గోదావరి వైపు తెలుగు, బడిలో హిందీ. రాయపూర్‌లో పాలిమర్ ఇంజనీరింగ్ చదివి అక్కడి ఒక ప్యాకేజింగ్ కంపెనీలో చేరాను. సేఠ్ గారి కార్ఖానాలో ప్లాస్టిక్ ఫిల్ము మీద సన్నని పూతలు వేసేవారు. చింతపండు, తేనె లాంటివి నింపే సంచులకు ఆ ఫిల్మునే వాడతారు. పూత ఉంటే లోపలి వాసన బయటికి పోదు, బయటి తేమ లోపలికి రాదు. మా కంపెనీ ఆ కార్ఖానాను తనలో కలుపుకుంది. విలీనం అయిన కొద్దికాలానికే నన్ను అక్కడికి పంపారు. అప్పటికి గేటు మీద బోర్డు మారింది, వేలు పెడితే హాజరు పడే యంత్రం వచ్చింది, సేఠ్ గారు యజమాని నుంచి ప్రొడక్షన్ మేనేజరయ్యారు. ఆయన ఆ మాటను పూర్తిగా పలికేవారు కాదు. ఎవరైనా అడిగితే, "నేనిక్కడ పాతోన్ని" అనేవారు.

జాబితా వేస్తే గాని నాకు ఏదీ అర్థం కాదు. చేరిన వారంలోనే కార్ఖానా లోపాలన్నీ వరసగా రాసి ఆయన బల్ల మీద పెట్టాను. పూతను ఎండబెట్టే సొరంగంలో వేడి అన్నిచోట్లా ఒకేలా లేదు. రోలర్ ఒకటి వంకర. స్పిరిట్ డబ్బాలకు సరైన మూతల్లేవు. ఇలా రెండు పేజీలు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని తాపీగా చదివారు. కోప్పడతారనుకున్నాను.

"అన్నీ నిజమే రాసినవు బిడ్డా. గని ఇది చదివినోడు, ఇంత పాడు కార్ఖానా ఇన్నేండ్లు ఎట్ల నడిచిందంటడు. ఎట్ల నడిచిందో గూడ రాయి."

రాయడానికి కూర్చుంటే ఒక్క వాక్యమూ తట్టలేదు. యంత్రం పక్కన నిలబడి రోజుల తరబడి చూడాల్సి వచ్చింది. వంకర రోలర్ దగ్గరికి ఫిల్ము రాగానే బుధరి అరచేత్తో అంచును కొంచెం పైకెత్తి వదిలేది. బుధరి ఆ యంత్రం నడిపే ఆవిడ, చుట్టుపక్కల ఊరి మనిషి, హల్బీ మాట్లాడుతుంది. సొరంగంలో వేడి తగ్గే మూల దగ్గర ఎవరో ఎప్పుడో రేకు అడ్డం పెట్టారు. అలాంటివి నా రెండో జాబితాలోకి ఒక్కొక్కటే చేరాయి. ఎక్కడ ఊడిపోయిందో చూడటం నాకు కాలేజీ నేర్పింది. ఎక్కడ అతుక్కుని ఉందో చూడటం ఆ రెండో జాబితాతో మొదలైంది.

సేఠ్ గారికి ఒక కోరిక ఉండేది. బయటి నుంచి కొనే రసాయన పూత బదులు బస్తర్ లక్కతో పూత వేయాలని. వాళ్ల తాతల నాటి నుంచి అడవి సరుకు వ్యాపారం వాళ్లది. మద్దేడ్ చుట్టుపక్కల ఊళ్లలో రైతులు కుసుమ్ చెట్లకు విత్తనపు పుల్లలు కట్టి లక్క పురుగు పట్టించి, కొమ్మల మీద గడ్డకట్టిన లక్కను గీకి అమ్ముతారు. కొనేవాళ్లు తగ్గిపోతున్నారు. కొనే మార్గం ఒకటి తానే తయారుచేయాలని ఆయన పట్టు. విలీనం కాగితాల మీద సంతకం పెట్టే ముందు కూడా ఆ ఒక్క మాటే అడిగారట. లక్క పూతను పరీక్షించి చూస్తాం, పనికొస్తే ఆ లైను జగదల్‌పూర్‌లోనే ఉంటుంది, లేకపోతే యంత్రం రాయపూర్‌కు వస్తుంది అని కంపెనీ వాళ్లు చెప్పారు. నన్ను పంపింది ఆ పరీక్ష కోసమే.

నేను వచ్చాక నన్ను ఆయన మొదట తీసుకెళ్లింది యంత్రం దగ్గరికి కాదు, మద్దేడ్‌కు. జీపులో పొద్దంతా పట్టింది. అక్కడ పెంటయ్య అనే రైతు చెట్టు దిగివచ్చి, కొడవలి చంకలో పెట్టుకుని, సేఠ్ గారిని ఎగాదిగా చూశాడు.

"ఏంది సేఠూ, ఈ ఏడు గూడ మాటలేనా?"

"ఈసారి ఇంజనీర్ సాబ్‌ను తెచ్చిన. లక్కంత తీసుకుంట. చెట్టు మీద పుల్ల మిగలనియ్య."

పెంటయ్య నావైపు తిరిగి, ఈ పిల్లగాడు ప్లాస్టిక్కు లక్కను అంటిస్తడా, మా లక్క వేలికంటితే పది రోజులు వదలదు, ఇంక అంటించేదేముంది అన్నాడు. అందరం నవ్వాం. వచ్చేటప్పుడు జగదల్‌పూర్ దీపాలు కనబడ్డాక సేఠ్ గారు, మాటిచ్చినంక ఇంటికి పోయే తొవ్వ పొడుగైతది అన్నారు.

పెంటయ్య వేలికి అంటిన లక్క ప్లాస్టిక్‌కు అంటలేదు. ప్లాస్టిక్ ఫిల్ము పైతలం నూనె రాసినట్టు ఉంటుంది, దేన్నీ పట్టుకోదు. మొదటి పూతల మీద టేపు అంటించి లాగితే లక్క మొత్తం టేపుతో వచ్చేసింది. రాయపూర్ నుంచి ఒక పరికరం తెప్పించాను. దాని కింద ఫిల్మును నడిపిస్తే సన్నని నీలం విద్యుత్ మెరుపులు తలాన్ని కొద్దిగా కొరికి గరుకు చేస్తాయి. ఆ తర్వాత లక్క పట్టుకుంది. అప్పుడు రెండో చిక్కు వచ్చింది. కత్తిరించి బల్ల మీద పెట్టిన ఫిల్ము ముక్కలు కాసేపటికి పూత ఉన్న వైపుకు వంగి ముడుచుకునేవి. బుధరి వాటిని చూసి నూనెలో వేసిన పాపడ్‌లంది. సేఠ్ గారు ఒకటి వేళ్ల మధ్య పట్టుకుని, అలిగిన పిల్ల లెక్క మొకం తిప్పుకున్నదే అన్నారు.

ఎందుకు వంగుతోందో ఆయనకు చెప్పాను. స్పిరిట్ ఆరేకొద్దీ లక్క కుంచించుకుపోవాలని చూస్తుంది. కింద ఫిల్ము ఒప్పుకోదు. లక్క దాన్ని అంటిపెట్టుకుని ఉంది గనక వదిలేసి ముడుచుకోలేదు. ఆ లాగులాట బయటికి కనబడదు, పూత లోపలే ఉండిపోతుంది. ఎంత వంపు ఉందో కొలిస్తే లోపల ఎంత లాగుడు ఉందో లెక్క కట్టవచ్చు. ఆయన శ్రద్ధగా విని, మరి ఊడుతదా అని అడిగారు. పూత సన్నగా ఉన్నంతకాలం పట్టుదే పైచేయి, ఊడదు అన్నాను. అనేక ప్రయత్నాల తర్వాత, నిదానంగా ఎండబెట్టి ఒకే ఒక సన్నని పూత వేస్తే ఫిల్ము దాదాపు చదునుగా ఉండటం, టేపుకు లొంగకపోవడం రెండూ కుదిరాయి. ఆ రోజు సేఠ్ గారు ఆ ముక్కను చొక్కా జేబులో పెట్టుకుని కార్ఖానా అంతా తిరిగారు. ఎదురైనవాళ్లందరి చేతా టేపు అంటించి లాగించారు.

ఆయన భోజనం గురించి చెప్పకపోతే ఆయన గురించి ఏమీ చెప్పనట్టే. మధ్యాహ్నం కార్ఖానాలో అందరికీ ఒకచోటే వంట. గరిటె ఆయన చేతిలోనే ఉండేది. విలీనం తర్వాత కంపెనీ క్యాంటీన్ కూపన్లు ఇచ్చినా ఆ గరిటె మారలేదు. ఆయన ఎవరికీ ఒక్కసారి వడ్డించి వదిలేవారు కాదు. ఒక్కపారే పెడితే పగోనికి పెట్టినట్టు అనేవారు. మా ఇంట్లోనూ ఆ మాట ఉంది. విస్తరి మీద చెయ్యి అడ్డంపెట్టి చాలు చాలు అంటే, ఆ చేతి సందులోంచి ఇంకో గరిటె పడేది. చాలు అనడం తినేవాడి మర్యాద, వినకపోవడం పెట్టేవాడి మర్యాద. నేను చాలు అంటే చాలనే అర్థమండీ అని ఒకసారి అన్నాను. ఆయన పప్పు వడ్డిస్తూనే, "మీ గోదావరోల్లు గూడ గట్లనే అంటరు, పెట్టకపోతే ఊరంత చెప్పుకుంటరు" అన్నారు. బుధరి పగలబడి నవ్వింది. ఆ మాట నిజమని మా అమ్మకు ఫోన్ చేసి చెబితే ఆవిడా నవ్వింది.

రాయపూర్ వాళ్లు లక్క పూతను చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. పెద్ద మేనేజరు తివారీ గారు, వెంట ఇద్దరు. అంతకుముందే నేను ఒక రోల్‌కు పూత వేయించి, పరీక్షించి, సిద్ధంగా పెట్టాను. దాని పై చుట్టులోంచి కొన్ని ముక్కలు కత్తిరించి నమూనాల పెట్టెలో వేసుకున్నాను. ముందు రోజు సాయంత్రం సేఠ్ గారు ఆ రోల్‌ను వెలుగులో పట్టుకుని చూశారు. లక్క రంగు లేత తేనెలా ఉంది.

"పెద్దోల్లు వస్తున్నరు. మరీ పల్చగ కనబడతలేదా?"

"లేదండీ. ఒక్క పూత చాలు."

ఆయన తలూపారు. మేమిద్దరం ఒప్పుకున్నామనుకున్నాను. మర్నాడు పొద్దున్నే వాళ్లను హోటల్ నుంచి తీసుకొచ్చే పని నాది.

మేం వచ్చేసరికి రోల్ బల్ల మీద ఉంది. రంగు బంగారంలా చిక్కగా ఉందనిపించింది. కిటికీలోంచి ఎండ పడుతోంది, అందుకేననుకున్నాను. తివారీ గారు మర్యాదస్తుడు. ఫిల్మును తాకి బాగుందన్నారు. టేపు అంటించి లాగితే ఊడలేదు. సేఠ్ గారి ముఖం వెలిగింది. తర్వాత ఆ ఫిల్ముతో సంచులు అతికించి, చింతపండు నింపి, భోజనాలకు లేచాం. తిరిగి వచ్చాక తివారీ గారు ఒక సంచీ తీసుకుని, కొన్నవాళ్లు చేసేలాగే మూతి మడిచారు. మడత దగ్గర చిట్లిన సన్నని చప్పుడు. మడత వెంట పూత పలుకులుగా లేచింది. ఆయన రెండో సంచీ తీశారు, అదీ అంతే. మూడోదాన్ని మడవక ముందే అంచుల్లో లక్క చర్మంలా లేచి ఉంది. బంగారు రంగు పొట్టు ఆయన తెల్లచొక్కా మీద పడింది. దాన్ని ఆయన చేత్తో దులుపుకున్న తీరు నాకిప్పటికీ కనబడుతుంది. అందులో కోపం లేదు. నిర్ణయం ఉంది.

తేమ వల్ల అయి ఉండొచ్చు, నిన్న వాన పడింది, మళ్లీ చేసి చూపిస్తాం అని నేను హిందీలో గబగబా చెప్పాను. వాన పడే ప్రాంతంలో తేమకు ఆగని పూత ఎందుకని ఆయన నెమ్మదిగా అడిగారు. సంచుల్ని ఒక కవర్లో వేసుకుని వెళ్లిపోయారు. సేఠ్ గారు నేల మీది పొట్టును చేత్తో ఎత్తి ఒక కాగితంలో పోశారు. "లక్క మనది, ప్లాస్టిక్ మందిది. కలవలే" అన్నారు. ఆ తర్వాత కార్ఖానాలో ఆయన లక్క మాట ఎత్తలేదు.

యంత్రం రాయపూర్‌కు వెళ్లింది, దాని వెనక నేనూ వెళ్లాను. సేఠ్ గారు పని మానేసి భోపాలపట్నం చేరారు. వెళ్లే ముందు మద్దేడ్ పోయి పెంటయ్యకూ మిగతావాళ్లకూ లక్క తీసుకోలేనని తానే చెప్పారట. ఎవరితోనైనా కబురు పంపవచ్చు కదా అని నేను ఫోన్‌లో అంటే, మాటిచ్చిన నోరే పోవాలె అన్నారు. పెంటయ్య ఏమన్నాడని అడిగాను. తాగడానికి నీళ్లిచ్చాడట.

రాయపూర్‌లో నన్ను వేరే విభాగంలో వేశారు. రెండేళ్లు గడిచాయి. పూతల మందాన్ని కచ్చితంగా కొలిచే కొత్త యంత్రం వచ్చింది. దాన్ని సరిచూడటానికి పాత నమూనాలన్నీ బయటికి తీయమన్నారు. స్టోరులో జగదల్‌పూర్ పేరుతో రెండు దొరికాయి. ఒకటి నా ముక్కల పెట్టె, రెండోది తివారీ గారు పట్టుకొచ్చిన సంచుల కవరు. నా ముక్కలు చదునుగా ఉన్నాయి. టేపు అంటించి లాగాను, మడిచాను, మళ్లీ లాగాను. రెండు వానాకాలాలు దాటినా పూత కదల్లేదు. సంచుల ముక్కలు గొట్టాల్లా చుట్టుకుపోయి ఉన్నాయి, కవరు అడుగున పొట్టు. రెండూ ఒకే రోల్‌వి. కొలిచి చూస్తే సంచుల మీది పూత నా ముక్కల మీదిదానికి రెట్టింపు ఉంది. మందం పెరిగేకొద్దీ పూత లోపలి లాగుడంతా కూడబలుక్కుని అంచుల దగ్గర తిరగబడుతుంది. పట్టు మాత్రం పెరగదు, అది ఎప్పుడూ ఆ ఒక్క తలానిదే. పైగా రెండో పూతలోని స్పిరిట్ మొదటిదాన్ని కూడా నానబెడుతుంది. పైకి ఎండినట్టే ఉండి, లోపల మధ్యాహ్నం దాకా ఎండుతూ, బిగుసుకుంటూ ఉంటుంది.

బుధరికి ఫోన్ చేశాను. యంత్రం పోయాక గీదం రోడ్డులో ఒక టీ హోటల్లో పనిచేస్తోంది. ఆ రోజు పొద్దున ఏం జరిగిందని అడిగితే, "హా సాబ్, సేఠ్ నే దోబారా చలాయా. మెహ్మాన్ ఆ రహే థే నా" అంది. రోల్‌ను మళ్లీ ఒకసారి నడిపారు, చుట్టాలొస్తున్నారు కదా అని. మరి నాకెందుకు చెప్పలేదంటే, అదేమైనా చెప్పుకునే సంగతా అంది. నిజమే. విస్తట్లో రెండోసారి వడ్డించానని ఎవరు ఎవరికి చెబుతారు? నేను చాలు అన్నాను. ఆయన ఆ మాటను, భోజనాల దగ్గర వినేలాగే విన్నారు.

ఆయనకు చెప్పాలా వద్దా అని ఒక కాగితం మీద రెండు వరసలు గీశాను. ఆ జాబితా ఒక్కటే నా జన్మలో సగంలో ఆపేశాను. లక్క తప్పు కాదని తెలిస్తే సంతోషిస్తారనుకుని బస్సెక్కాను. మద్దేడ్ దగ్గర కుసుమ్ చెట్లు ఎర్రగా చిగురించి ఉన్నాయి. కొమ్మలు శుభ్రంగా ఉన్నాయి, లక్క గడ్డలు లేవు.

భోపాలపట్నంలో సేఠ్ గారు తమ్ముడి కొడుకు దుకాణంలో ఒక మూల కుర్చీలో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి పక్కనున్న స్టూలు లాగారు. చిక్కిపోయినవేంది బిడ్డా, రాయపూర్ల తిండి లేదా అన్నారు. నేను ముక్కను ఆయన చేతిలో పెట్టి, సంగతంతా క్రమంగా చెప్పాను. ఆయన టేపు తెప్పించారు. తానే అంటించి లాగారు. ఊడలేదు. మడిచారు. చిట్లలేదు.

"అయితే లక్క నిలబడ్డది."

"నిలబడిందండీ."

ఆయన నవ్వారు. ఆ నవ్వు కోసమే నేను అంతదూరం వెళ్లాను. అది ఎంతోసేపు లేదు. ఆయన చూపు ముక్క మీదినుంచి వీధిలోకి పోయింది.

"గప్పుడే తెలిస్తే మళ్ల జేసేటోన్ని బిడ్డా. తివారీ కాళ్లు పట్టుకొనైనా ఇంకొక్క రోజు అడిగేటోన్ని. ఇప్పుడు మిషన్ నీ దగ్గరున్నది. పెంటయ్య చెట్టుకు లక్క పెట్టుడు మానిండు, ఇత్తనానికి గూడ పుల్ల లేదంట."

తేమ కూడా కొంత కారణం అయి ఉంటుందని అబద్ధం ఆడబోయాను. ఆయన వినలేదు. ముక్కను వెలుగుకు ఎత్తి పట్టుకుని, ఒక్క పూత ఎంత మందం ఉంటుందని అడిగారు. వెంట్రుకలో ఇరవయ్యో వంతు ఉంటుందన్నాను. ఆయన చాలాసేపు చూశారు.

"గంత పల్చగ మనిషికెట్ల పెడ్తరు బిడ్డా?"

అది హాస్యం కాదు, నిష్ఠూరమూ కాదు. తెలుసుకోవాలని అడిగారు. బస్సు వేళ అయిందని లేచాను. ఆయన ముక్కను తిరిగివ్వబోయి, మళ్లీ తన దగ్గరే ఉంచుకున్నారు. ఆ ఏడు వానలు తగ్గాక ఆయన పోయారని తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు.

ఇప్పుడు నా కింద ముగ్గురు పనిచేస్తారు. ఏదైనా ఇంతే వేయమని చెప్పాల్సి వచ్చినప్పుడు నేను అంకె చెప్పి ఊరుకోను. ఎక్కువ వేయాలని నీకెందుకు అనిపిస్తుందో ముందు చెప్పు అంటాను. కొత్తగా చేరినవాళ్లకు అది వింతగా ఉంటుంది. సాయంత్రం దాకా ఆలోచించి, రంగు చిక్కగా ఉంటే బాగుంటుందనో, కస్టమరు మంచివాడనో చెబుతారు. అప్పుడు కూర్చోబెట్టి, పూత లోపల ఏం జరుగుతుందో మొదటి నుంచి వివరిస్తాను. ఇప్పటివరకు ఒక్కరూ పొరబడలేదు. మనుషుల్ని ఆ ప్రశ్న అడగడం నేను నేర్చుకున్నది సేఠ్ గారి వల్ల. ఆయన్ని మాత్రం ఒక్కసారీ అడగలేదు.